గోల్కొండలో బాలాహిస్సార్ ఎక్కి దిగితే సరిపోతుందా? గోడల లోపలి ఊరి మీద చర్చ

రాళ్లబాట

గోల్కొండ చూసొచ్చామన్న వాళ్లను అడిగి చూడండి. టికెట్ కొన్నాం, గుమ్మం దగ్గర చప్పట్లు కొట్టాం, మెట్లెక్కి కొండ మీది దర్బారు మంటపం బారాదరి దగ్గర ఫోటోలు దిగాం, వచ్చేశాం అంటారు. వాళ్లు చూసింది బాలాహిస్సార్ ఒక్కటే. రాజు నివాసం, ఆయుధశాల, ధాన్యం కొట్లు ఉన్న లోపలి కోట అది. గోల్కొండ అంతకంటే చాలా పెద్దది. 1591లో మూసీకి అవతల హైదరాబాద్ కట్టేదాకా కుతుబ్‌షాహీల రాజధాని నగరం ఇదే. బజార్లు, మసీదులు, చెరువులు, తోటలు, సైనికుల ఇళ్లు, వర్తకుల ఇళ్లు అన్నీ గోడల లోపలే ఉండేవి. చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి, జనం కూడా ఉన్నారు.

గోడలు మూడు వరసలు. బయటి గోడ ఊరంతటినీ చుట్టుకుని సుమారు 7 కిలోమీటర్లు పోతుంది. దాని మీద 87 బురుజులు, 8 దర్వాజాలు. రెండోది కొండ పాదం చుట్టూ కట్టిన జంట గోడ. మూడోది కొండ మీదే. ఈ మూడోదాని దగ్గర కాసేపు ఆగమని నేను అందరికీ చెబుతాను. పెద్ద బండ ఉన్నచోట ఆ బండనే గోడగా వదిలేశారు. రెండు బండల మధ్య సందు ఉన్నచోట మాత్రం చెక్కిన రాళ్లు పేర్చి మూసేశారు. ఎక్కడ కొండ ఆగింది, ఎక్కడ మేస్త్రీ చెయ్యి పడింది అన్నది దగ్గరికెళ్లి వేలితో తడిమితే తప్ప తెలియదు.

ఇక్కడి సభ్యుల్లో కోట గురించి తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. బాలాహిస్సార్ కాకుండా ఏం చూడాలి, ఎలా చూడాలి, మీకు తెలిసింది రాయండి.

వేసవిగాలి

మంచి సమయానికి మొదలుపెట్టారండీ. వచ్చే ఆదివారం అమ్మానాన్నలను తీసుకెళ్తున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పైదాకా ఎక్కడం కుదరదు. కింద తిరగడానికి రోజుకు సరిపడా ఉందా? అమ్మకు రామదాసు చెరసాల ఒక్కటైనా చూడాలని ఉంది.

ఛోటాబజార్

నేను కోట గోడల లోపలే పుట్టి పెరిగాను కాబట్టి ముందు నేనే చెబుతాను. అమ్మగారిని లంగర్‌హౌజ్ వైపు నుంచి ఫతే దర్వాజా గుండా తీసుకురండి. వేరే దారులున్నా ఈ దారినే రండి. ఇనుప మేకులు దిగ్గొట్టిన ఆ పెద్ద తలుపులు చూడండి. ఏనుగు వచ్చి తలతో గుద్దితే మేకులు నుదుట్లో దిగేలా పెట్టారు. దర్వాజా దాటాక దారి తిన్నగా ఉండదు, గోడల మధ్య మెలిక తిరుగుతుంది. శత్రువు దూసుకొచ్చినా వేగం అక్కడ చచ్చిపోవాలని. ఈరోజు అదే మెలికలో ఆటోలు, బైకులు ఒకదానికొకటి దారిచ్చుకుంటూ పోతుంటాయి.

అక్కడి నుంచి బాలాహిస్సార్ దాకా ఉన్నదంతా ఊరే. ఛోటా బజార్, బడా బజార్, రిసాలా బజార్ అన్న పేర్లు పాత రోజులవే. బాలాహిస్సార్‌కు ముందు రోడ్డు మీద రెండు పెద్ద కమాన్లు వస్తాయి, హబ్షీ కమాన్లు. కాపలాకు పెట్టిన అబిసీనియా (ఇథియోపియా) సైనికుల మీద వచ్చిన పేరు. నగారాలు కూడా అక్కడే మోగేవట. టూరిస్టు బస్సులు వీటి కిందినుంచే వెళ్తాయి, ఎవరూ తలెత్తి చూడరు.

బాలాహిస్సార్ లోపల కూడా మెట్లెక్కకుండా చూసేది బోలెడు ఉంది. నగీనా బాగ్, ఆయుధశాల, కొండ కింది వైపు రాణీమహల్ శిథిలాలు, తారామతి మసీదు. మెల్లగా నడిస్తే పూటంతా పడుతుంది. మధ్యమధ్యలో కూర్చోడానికి నీడ కూడా ఉంది.

మల్లెతీగ

చప్పట్ల సంగతి ఎవరైనా సరిగ్గా చెప్పండి. గైడ్లు చెప్పేది వింటే మాయలా ఉంటుంది. నిజంగా పైకి వినిపిస్తుందా?

రాళ్లబాట

వినిపిస్తుంది. కొండ ఎత్తు దాదాపు 120 మీటర్లు. కింద బాలాహిస్సార్ గుమ్మం దాటగానే ఉన్న గుమ్మటం కింద ఒక నిర్దిష్టమైన చోట నిలబడి కొడితేనే పైన బారాదరి దగ్గర వినిపిస్తుంది. రెండడుగులు పక్కకు జరిగితే అంతగా వినిపించదు. ఆ గుమ్మటం లోపలి వైపు నున్నగా ఉండదు, వజ్రానికి సానపట్టినట్టు పలకలు పలకలుగా తీర్చారు. ఆ పలకలు, ఎదురుగా ఉన్న గోడలు కలిసి చప్పుడును చెదిరిపోనివ్వకుండా ఒక వైపుకు పంపుతాయి. కాపలావాడు కిందినుంచి పైకి కబురు పంపడానికి ఇది చాలు. ఎవరో వస్తున్నారని తెలిస్తే చాలు కదా, ఎవరన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఆ గుమ్మానికి ముందు అడ్డంగా ఒక గోడ ఉంటుంది, గమనించారా? ఏనుగులు దూరం నుంచి పరిగెత్తుకొచ్చి తలుపును గుద్దకుండా కట్టిన అడ్డుగోడ. గుమ్మం పైన సున్నంతో చేసిన నెమళ్లు, సింహాలు, మన గుళ్లలో కనిపించే సింహంలాంటి కల్పిత జంతువులు యాళులు ఉంటాయి. సుల్తాన్ల కోట గుమ్మం మీద యాళులేంటని ఆశ్చర్యపోతారు కొందరు. కట్టిన చేతులు ఇక్కడివే మరి.

జలసూత్రం

నేను సివిల్ ఇంజినీర్‌ను. నన్నడిగితే గోల్కొండలో చూడాల్సినది నీళ్లు. వజ్రాలు, చప్పట్లు దాని తర్వాతే.

ఒక్కసారి ఆలోచించండి. నల్లరాతి కొండ. తవ్వితే నీళ్లు పడే నేల కాదు. పైన రాజు కుటుంబం, దాసదాసీలు, కాపలా సైన్యం, హమాములు (స్నానశాలలు), ఫౌంటెన్లు. కింద ఊరంతా. ఇందరికీ నీళ్లు ఎక్కడినుంచి?

అవి దుర్గం చెరువు నుంచి వచ్చేవి. ఇవాళ ఐటీ కంపెనీల మధ్య కేబుల్ వంతెన ఉన్న ఆ దుర్గం చెరువే. అక్కడి నుంచి మట్టి గొట్టాల్లో, వాలును నమ్ముకుని నీళ్లు కోట దాకా వచ్చేవి. కొండ కిందికి చేరాక అసలు కష్టం మొదలవుతుంది. నీళ్లు వాటంతట అవి పైకెక్కవు. అందుకని కొండ పొడుగునా అంచెలంచెలుగా తొట్లు కట్టారు. కింది తొట్టిలోంచి ఏతం చక్రాలతో పై తొట్టిలోకి తోడేవారు. చక్రానికి కుండల దండ, దాన్ని తిప్పడానికి ఎద్దులు. అక్కడినుంచి మళ్లీ ఇంకో చక్రం, ఇంకో తొట్టి. పై తొట్టి నిండితే ఇక మళ్లీ వాలే పనిచేస్తుంది. మట్టి గొట్టాల గుండా గదులకు, హమాములకు, తోటలకు దిగేది.

ఆ గొట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి. మెట్ల దారిలో గోడలు విరిగినచోట లోపలికి చూడండి. గోడ మందంలోనే ఎర్రమట్టి గొట్టం నిలువుగా పోతుంటుంది. ఒక్కో గొట్టానికి ఒక కొస సన్నగా, ఇంకో కొస వెడల్పుగా ఉంటుంది. సన్నది వెడల్పు దాంట్లో దూర్చి, చుట్టూ సున్నం గచ్చు పట్టించారు. మేం ఇవాళ పీవీసీ పైపులకు చేసేదీ ఇదే, గచ్చు బదులు సొల్యూషన్ వాడతాం, అంతే తేడా. గోడ కట్టేటప్పుడే గొట్టం పెట్టాలి, తర్వాత పెట్టడం కుదరదు. అంటే ఏ గదికి ఎన్ని నీళ్లు కావాలో పునాది రోజునే లెక్క వేసుకున్నారు. ఈ విషయం తలచుకుంటే ఆ పని చేసినవాళ్ల పట్ల నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

పాతశాసనం

జలసూత్రం గారూ, ఒక్క పేరైతే ఉందండీ. బయటి గోడ మీద మూసా బురుజు ఉంది కదా, 1656లో మొఘలుల ముట్టడి తర్వాత కట్టినది. దాని శాసనంలో పని చేయించిన మూసా ఖాన్ పేరుతో పాటు కట్టినవాడి పేరు కూడా ఉంది, ధర్మాచార్. నీటి పనివాళ్ల పేర్లు లేకపోయినా ఒక బురుజు పనివాడి పేరైనా మిగిలింది.

సరే, చరిత్ర కొంచెం రాస్తాను, కొత్తవాళ్లకు పనికొస్తుంది. ఈ కొండ మీద మొదట ఉన్నది కాకతీయుల కాలపు మట్టికోట. కాకతీయుల తర్వాత ముసునూరి కాపయనాయకుడి చేతిలో ఉండి, 1360ల్లో ఆయన దీన్ని బహమనీ సుల్తానుకు వదులుకోవాల్సి వచ్చింది. బహమనీల తరఫున తెలంగాణ పాలకుడిగా వచ్చిన సుల్తాన్ కులీ, బహమనీ రాజ్యం ముక్కలవుతున్నప్పుడు ఇక్కడే నిలదొక్కుకున్నాడు. 1518ని కుతుబ్‌షాహీల మొదలుగా లెక్కిస్తారు. 1543లో ఆయన నమాజులో ఉండగా చంపేశారు. చంపించింది కొడుకు జంషీద్.

నాకు ఎక్కువ ఇష్టమైనది జంషీద్ తమ్ముడు ఇబ్రహీం కథ. అన్నకు భయపడి పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకున్నాడు. అక్కడే తెలుగు రుచి మరిగాడు. 1550లో తిరిగొచ్చి గద్దెనెక్కాక గోల్కొండ కొలువులో తెలుగు కవులకు చోటిచ్చాడు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఇబ్రహీంకే అంకితం చేశాడు. కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నెగంటి తెలగన యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యంగా దానికి పేరు. కొండ మీది ఆ బారాదరి దగ్గర నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తుంటే ఆ రాళ్లు వేరేగా కనిపిస్తాయి.

అదే ఇబ్రహీం 1565లో తనకు అన్నం పెట్టిన రామరాయల మీదికే మిగతా సుల్తాన్లతో కలిసి యుద్ధానికి వెళ్లాడు. ఈ రెండూ ఒకే మనిషి చేశాడన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కోటను రాతితో, సున్నంతో ఇంత బలంగా కట్టించిందీ ఆయనే. మూసీ మీద పురానాపూల్ కట్టించిందీ ఆయనే, 1578లో. ఊరు గోడల్లో పట్టక అవతలి ఒడ్డుకు పొంగుతోందన్నదానికి ఆ వంతెనే గుర్తు. ఇక కొడుకు మహమ్మద్ కులీ అవతల కొత్త నగరమే కట్టేశాడు.

నల్లరేగడి

వజ్రాల మాట ఎవరూ ఎత్తలేదేంటి? మాది పల్నాడు వైపు, అందుకే రాస్తున్నాను. గోల్కొండ వజ్రాలు అంటే గోల్కొండలో దొరికినవి అనుకుంటారు చాలామంది. కోట కొండలో ఒక్క వజ్రం కూడా దొరకలేదు. గనులు కృష్ణా ఒడ్డున కొల్లూరు, పరిటాల వైపు ఉండేవి. కోహినూర్ కొల్లూరు గనిదేనని ఎక్కువమంది నమ్మకం. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలో కొల్లూరు వచ్చి, అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. ఆడవాళ్లు, పిల్లలతో సహా. ఆయన ఇక్కడినుంచి పట్టుకెళ్లి పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి వజ్రమే తర్వాత సానపట్టి సానపట్టి హోప్ డైమండ్ అయింది.

గోల్కొండకు ఆ పేరు బజారు వల్ల, రాజ్యం వల్ల వచ్చింది. గనులు రాజ్యానివి, పెద్ద రాళ్లు రాజుగారి ఖజానాకు చేరాల్సిందే. మిగతా వ్యాపారం కోటలోనూ, కోటకూ మూసీకీ మధ్య ఉన్న కార్వాన్‌లోనూ సాగేది. బ్రెజిల్‌లో 1720ల్లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రమంటే దాదాపు మన దేశమే.

కొల్లూరు ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. చూపిద్దామన్నా చూపించడానికి ఏమీ లేదు. ఆ అరవై వేల మంది గురించి మా వైపు ఒక్క గుర్తు లేదు, వాళ్లు తీసిన రాళ్లకేమో లండన్‌లోనూ వాషింగ్టన్‌లోనూ అద్దాల పెట్టెలున్నాయి. నాకు ఈ విషయంలో చాలా బాధగా ఉంటుంది.

వేసవిగాలి

ఇదంతా అమ్మానాన్నలకు చదివి వినిపిస్తున్నాను. నాన్న వజ్రాల దగ్గర ఆగిపోయారు, అమ్మ మాత్రం చెరసాల సంగతే అడుగుతోంది. అక్కడికి ఎన్ని మెట్లుంటాయి?

రాళ్లబాట

మొత్తం పైదాకా మూడొందల యాభైకి పైనే మెట్లు. చెరసాల మధ్యదారిలో వస్తుంది, కాబట్టి కొన్ని ఎక్కక తప్పదు. పొద్దున్నే వస్తే ఎండ ఉండదు, ఆగి ఆగి ఎక్కవచ్చు. మెట్లు ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. అమ్మగారికి చేతికర్ర ఒకటి ఇవ్వండి. పాత రాతి మెట్లు నున్నగా అరిగి ఉంటాయి, చెప్పులు జారనివి వేసుకోవాలి.

లోపల ఒక పొడవాటి చీకటి గది. వెలుతురు పైనుంచి చిన్న సందులోంచి పడుతుంది. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఎదురుగోడ మీద రాములవారు, సీతమ్మ, లక్ష్మణుడు, పక్కన హనుమంతుడు కనిపిస్తారు. గోపన్న తన చేత్తో చెక్కుకున్నవని నమ్మకం. ఆ గోడ ముందు కుంకుమ, పూలు ఎప్పుడూ ఉంటాయి. గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండి, వసూలైన పన్ను సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడన్నది అభియోగం. పన్నెండేళ్లు ఇక్కడ ఉంచారు. చివరి సుల్తాన్ తానీషాకు రామలక్ష్మణులు వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు తీసుకున్నారన్న కథ అమ్మగారికి నాకంటే బాగా తెలిసి ఉంటుంది. భద్రాద్రి కల్యాణానికి ప్రభుత్వం నుంచి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ అక్కడినుంచే వచ్చిందంటారు.

మల్లెతీగ

మరి అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలే కదా? అంత పెద్ద పదవుల్లో ఉండి కూడా విడిపించలేకపోయారా?

పాతశాసనం

మేనమామలేనని సంప్రదాయం చెబుతుంది. మాదన్న అబుల్ హసన్ తానీషాకు ప్రధానమంత్రి, అక్కన్న చేతిలోనూ పెద్ద బాధ్యతలే ఉండేవి. అయితే పన్ను లెక్క తేలని వ్యవహారంలో సొంత మేనల్లుడిని వదిలిపెడితే కొలువులో వాళ్ల శత్రువులు ఊరుకుంటారా? అప్పటికే వాళ్ల మీద కత్తులు నూరుతున్నవాళ్లు చాలామంది. చివరికి అన్నదమ్ములిద్దరినీ గోల్కొండ వీధిలోనే నరికి చంపారు. మొఘలుల చివరి ముట్టడి మొదలవకముందే జరిగింది ఇది. నా దృష్టిలో గోల్కొండ ఆ రోజే సగం కూలింది. రాజ్యం లెక్క, డొక్క తెలిసిన మనిషి ఆ తర్వాత లేడు.

నల్లరేగడి

గోల్కొండ పడింది ఒక్కడు గేటు తీయబట్టేనని చిన్నప్పటినుంచి వింటున్నాం. మీరనేది లోపల అప్పటికే కుళ్లిందని. ఏది నిజం?

పాతశాసనం

రెండూ నిజమే, కానీ ఎనిమిది నెలలు ఎలా నిలబడిందో కూడా చెప్పుకోవాలి. 1687 మొదట్లో ఔరంగజేబు స్వయంగా వచ్చి చుట్టుముట్టాడు. అప్పటికే హైదరాబాద్ నగరం చేజారిపోయి తానీషా గోల్కొండలో తలదాచుకున్నాడు. చుట్టుపక్కల కరువు, తర్వాత వానలు. మొఘల్ సైన్యానికి తిండి లేదు, జబ్బులు పట్టుకున్నాయి. సొరంగాలు తవ్వి బురుజుల కింద మందుగుండు పెట్టారు. లోపలివాళ్లు ఎదురు సొరంగం తవ్వి ఆ మందులో కొంత తీసేశారు, కొంత నీళ్లతో తడిపేశారు. ముట్టించేసరికి పేలుడు వెనక్కి తన్ని మొఘలులే చచ్చారు. మళ్లీ పేల్చారు, మళ్లీ అదే జరిగింది. ఆ గోడను ఫిరంగులు, సొరంగాలు రెండూ గెలవలేకపోయాయి.

చివరికి సెప్టెంబరులో లంచం పనిచేసింది. అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు రాత్రి పూట ద్వారం తెరిపించాడు. అప్పుడు కూడా తానీషా సేనాని అబ్దుర్ రజాక్ లారీ ఒంటిచేత్తో అడ్డుపడ్డాడు. ఒళ్లంతా డెబ్బై దాకా గాయాలు. ఔరంగజేబు అతని విశ్వాసానికి మెచ్చి తన వైద్యులనే పంపాడు, బతికాడు. తానీషా మాత్రం దౌలతాబాద్ కోటలో బందీగా మిగతా జీవితం గడిపి అక్కడే పోయాడు. సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. అందుకే ఇక్కడి కుతుబ్‌షాహీ సమాధుల్లో చివరి రాజుది కనిపించదు.

ఫతే దర్వాజాకు ఆ పేరు గెలిచినవాడు లోపలికి వచ్చిన దారి కాబట్టి. పెట్ల బురుజు మీద ఉన్న ఫతే రహబర్ ఫిరంగి కూడా ఆ ముట్టడికి తెచ్చినదే.

ఛోటాబజార్

మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే కథ ఒకటుంది, కాగజీ బురుజుది. మొఘలుల ఫిరంగి దెబ్బకు ఒక బురుజు కూలితే, లోపలివాళ్లు రాత్రికి రాత్రే కాగితం, గుడ్డలతో అచ్చం అలాంటి బురుజే నిలబెట్టారట. తెల్లారి చూసి శత్రువులు హడలిపోయారట. ఎంతవరకు జరిగిందో దేవుడికెరుక. కానీ ఆ పేరు ఇంకా వాడుకలో ఉంది.

ఇంకో మాట. కోటంటే సుల్తాన్లు, యుద్ధాలే కాదు. ఆషాఢంలో రండి. తెలంగాణలో తొలి బోనం ఎత్తేది మా కొండ మీది జగదాంబిక అమ్మవారికే. లంగర్‌హౌజ్ నుంచి తొట్టెలు, పోతరాజులు, శివసత్తులతో ఊరేగింపు ఇదే ఫతే దర్వాజా మెలికలోంచి వస్తుంది. నెలంతా గురువారాలు, ఆదివారాలు పూజలు. నెత్తిన బోనం పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా, ఆ అరిగిన మెట్లన్నీ ఎక్కే ఆడవాళ్లను చూడండి. దారి పొడుగునా మా ముస్లిం ఇళ్లవాళ్లు మంచినీళ్లు అందిస్తుంటారు. మా అమ్మ ప్రతి ఏడూ గుమ్మం ముందు బిందె పెడుతుంది.

నిర్వాహకుడు

ఫోటోలు పెట్టాలనుకునేవాళ్లు చిత్రాల విభాగంలో పెట్టి ఇక్కడ ఒక మాట చెప్పండి. చర్చ చాలా బాగా నడుస్తోంది.

జలసూత్రం

నయా ఖిల్లా గురించి ఎవరూ రాయలేదు, అది తప్పకుండా చూడాలి. 1656లో ఔరంగజేబు యువరాజుగా మొదటిసారి దాడికి వచ్చినప్పుడు ఈశాన్యం వైపు ఉన్న గుట్ట కోటకు ముప్పని తెలిసొచ్చింది. అక్కడినుంచి ఫిరంగి పెడితే లోపలంతా అందుతుంది. దాడి ఆగాక అబ్దుల్లా కుతుబ్ షా ఆ గుట్టను కూడా కలుపుకుంటూ గోడను పొడిగించాడు. అదే నయా ఖిల్లా. ఆ దాడి ఆగడం వెనక రాజు తల్లి హయాత్ బక్షీ బేగం ఉంది. స్వయంగా ఔరంగజేబు దగ్గరికి వెళ్లి సంధి మాట్లాడింది.

నయా ఖిల్లా లోపల ముల్లా ఖయాలీ మసీదు, పాత తోట కాలువల ఆనవాళ్లు, మన కోటల్లో అరుదుగా కనిపించే ఒక చెట్టు ఉన్నాయి. హతియాన్ కా ఝాడ్, అంటే ఏనుగుల చెట్టు అంటారు. ఆఫ్రికా బావోబాబ్ అది. మాను చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. నాలుగు వందల ఏళ్ల నాటిదని, అరబ్బు వర్తకులు తెచ్చి ఇచ్చారని చెబుతారు. మాను లోపల బోలుగా ఉంటుంది, మనిషి దూరగలిగేంత. బెరడు బూడిదరంగులో ముడతలు పడి ఉంటుంది, పేరు ఎందుకొచ్చిందో చూడగానే అర్థమవుతుంది. దయచేసి దాని మీద పేర్లు చెక్కకండి. ఇప్పటికే చాలామంది చెక్కారు.

మల్లెతీగ

నయా ఖిల్లాలో కొంత భాగం గోల్ఫ్ మైదానం అయిపోయిందని విన్నాను. కోట లోపల ఇళ్లు కూడా పెరిగిపోతున్నాయి. ఇలా అయితే ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎప్పటికి వెళ్తుంది? 2010 నుంచి తాత్కాలిక జాబితాలోనే ఉంది కదా. లోపల ఉన్నవాళ్లను బయటికి పంపేస్తే తప్ప బాగుపడదేమో.

ఛోటాబజార్

మల్లెతీగ గారూ, ఈ మాట మాకు చాలా కష్టంగా ఉంటుంది. మేం వచ్చి కోటలో చొరబడినవాళ్లం కాదు. ఇది ఊరు, ఊళ్లో జనం ఉంటారు. చట్టం ప్రకారం కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టకూడదు, ఆ తర్వాత రెండొందల మీటర్లలో అనుమతితోనే కట్టాలి. 2010 సవరణ అది. మంచిదే, ఒప్పుకుంటాం. కానీ మా ఇంటి వాన కారే పైకప్పు బాగుచేసుకుంటామని అర్జీ పెడితే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిప్పారు. రెండు వానాకాలాలు బకెట్లు పెట్టుకుని గడిపాం. బాగుచేసుకోవడానికి కూడా ఇంత తిప్పితే జనం ఏం చేస్తారు? చెప్పకుండా కట్టేస్తారు. పెద్దపెద్ద ఇళ్లు అలాగే లేస్తున్నాయి, పాత గోడ వాటి వెనక పడిపోతోంది.

కటోరా హౌజ్ చూడండి. ఇబ్రహీం కాలపు చెరువు, గిన్నెలా అందంగా ఉండేది. ఇళ్ల మురుగు దాంట్లోకి పోతోంది. మురుగు కాలువ సరిగ్గా వేస్తే మేమే దాన్ని కాపాడుకుంటాం. మమ్మల్ని పంపేస్తే కాపాడేది ఎవరు?

రాళ్లబాట

నేను ఛోటాబజార్ గారి వైపే. జనం వెళ్లిపోయిన కోటలు మనకు చాలా ఉన్నాయి. ముళ్లకంప మొలిచి, నిధుల కోసం గునపాలతో తవ్వి పాడుచేసినవి ఎన్నో. గోల్కొండ బయటి గోడ ఇంతవరకైనా నిలిచిందంటే రోజూ దాని కింద నడిచే మనుషులున్నారు కాబట్టి. సున్నం పని తెలిసిన మేస్త్రీలను పెట్టి, పాత ఇళ్లను పాత పద్ధతిలోనే బాగుచేసుకోవడానికి సాయం చేస్తే ఇల్లూ నిలుస్తుంది, గోడా నిలుస్తుంది.

మల్లెతీగ

ఇల్లు కారడం సంగతి చదివాక నాకూ అలాగే అనిపిస్తోంది. అయితే అలా బాగుచేసి చూపించినది ఎక్కడైనా ఉందా?

జలసూత్రం

ఉంది, పక్కనే ఉంది. బంజారా దర్వాజాలోంచి బయటికి వెళ్తే కిలోమీటరు దూరంలో కుతుబ్‌షాహీ సమాధులు. 2013 నుంచి ఆగా ఖాన్ సంస్థ వాళ్లు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ పని చేపట్టారు. గత కాలంలో పూసిన సిమెంటును గీకి తీసేసి మళ్లీ సున్నం గచ్చు పట్టించారు. సిమెంటు ఊపిరాడనివ్వదు, తేమ లోపల చిక్కుకుని రాయినీ గచ్చునూ తినేస్తుంది. సున్నం అలా కాదు, తేమను బయటికి వదులుతుంది.

అక్కడి బడీ బావిని తప్పకుండా చూడండి. 2013 వానలకు ఒక వైపు గోడ కూలిపోయింది. పూడిక తీసి, పడిన రాళ్లను ఒక్కొక్కటే పైకి లాగి మళ్లీ పేర్చారు. ఇప్పుడు వాన నీళ్లు దాంట్లో నిలుస్తున్నాయి, తోటకు ఆ నీళ్లే వాడుతున్నారు. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. ఇదే మేస్త్రీలు గోడ లోపలికి వచ్చి కటోరా హౌజ్ మెట్లు పట్టుకుంటే ఏం అవుతుందో ఊహించండి.

వేసవిగాలి

అయితే ఆదివారం ఇలా అనుకుంటున్నాం. పొద్దున్నే ఫతే దర్వాజా, హబ్షీ కమాన్లు, ఎండ రాకముందే చెరసాల. మధ్యాహ్నం దాకా నీడలో కూర్చుని, తర్వాత బంజారా దర్వాజా మీదుగా సమాధులు, బడీ బావి. నయా ఖిల్లా చెట్టు ఈసారికి కుదరకపోవచ్చు. సరిపోతుందా?

ఛోటాబజార్

బాగుంది. సమాధులు ముందుగానే మూసేస్తారు, మధ్యాహ్నం మూడింటికల్లా అక్కడ ఉండేలా చూసుకోండి. చెరసాల నుంచి దిగేటప్పుడు వచ్చిన దారినే రండి, అవతలి మెట్లు కొంచెం నిటారుగా ఉంటాయి. కారు హబ్షీ కమాన్ల దాకా తేకండి, ఆదివారం అక్కడ కదలదు. ఫతే దర్వాజా దాటగానే ఎడమ పక్క చోటు చూసి పెట్టి, అక్కడినుంచి అమ్మగారికి ఒక ఆటో మాట్లాడండి. బజారంతా చూస్తూ రావచ్చు.